చెరిగిన ఎర్రచుక్క

బావిలోకి టేపు దించడానికి భయమెందుకని మీరూ నవ్వుతారు. నేనూ నవ్వాను, నిన్న మధ్యాహ్నం దాకా.

మా అక్క మొగుడు, మా బావ, బావుల్లో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో కొలిచే మనిషి. అందరూ టేపాయన అంటారు. మా వైపు హైడ్రోజన్ ఫ్యాక్టరీ ఒకటి రాబోతోంది. నీళ్ళని కరెంటుతో విడగొట్టి గ్యాసు తీస్తారట. పొగ ఉండదు, మసి ఉండదు, మంచిదే. కానీ దానికి నీళ్ళు కావాలి, అదీ బోలెడన్ని. అందుకని కట్టకముందే ఇక్కడి నీళ్ళకీ నేలకీ ఏమవుతుందో చూసి రిపోర్టు రాయాలి. రాసేది ఒక మేడం. ఏడాదిగా నెలకోసారి పదకొండు బావులు కొలిచి ఆవిడకి అంకెలు ఇచ్చేది బావ.

పని చిన్నదే. టేపు చివర సుద్ద రాసి దించుతాడు. పైకి లాగాక సుద్ద ఎక్కడిదాకా తడిసిందో చూసి పుస్తకంలో రాస్తాడు. ఒక్కటే నియమం. ప్రతి బావి గట్టు మీదా ఒక ఎర్రచుక్క ఉంటుంది, ఎప్పుడూ అక్కణ్ణుంచే కొలవాలి.

ఏడో బావి బావ వాళ్ళ పిన్నిది. ఆవిడకి శుభ్రం పిచ్చి. పీచుతో తోమి తోమి చుక్కని చెరిపేసింది. మళ్ళీ పెట్టబోతే "నా బావికి మొటిమ మొలిపిస్తావేంట్రా" అని దెప్పింది. ఆవిడ మనసు నొప్పించడం ఎందుకని బావ చుక్కని గట్టు లోపలివైపు, మూరెడు కిందున్న రాయి మీద పెట్టాడు. అక్కణ్ణుంచే కొలిచాడు. మర్యాద కోసం చేసిన పని, అది కూడా రాసుకోవాలా అనుకున్నాడు.

నిన్న మేడం ఫోన్ చేసి మెచ్చుకుంది. "మీ ఏడో నంబరు బావి బంగారమండీ. ఎండల్లో కూడా అంగుళం దిగలేదు. ఫ్యాక్టరీ బోర్లు అటువైపే వేసుకోమని రాస్తున్నా."

బావ ఫోన్ పెట్టేసి కొలతల పుస్తకం తీశాడట. నిజానికి బావిలో నీళ్ళు మూరెడు దిగాయి. చుక్క కూడా మూరెడు దిగింది కాబట్టి అంకె కదల్లేదు, అంతే. బోర్లు అక్కడ పడితే పిన్ని బావితో పాటు ఆ వీధి వీధంతా ఎండిపోతుంది.

"చెప్తే నా పని పోతుందే. చెప్పకపోతే పిన్ని చేద బురదకి తగులుతుంది. ఇంక ఆవిడ మొహం ఎలా చూడను?" అన్నాడు.

అక్క ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది.

మేడం తిట్టలేదు. అందుకే ఇంకా భయం వేసిందంటాడు. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయని అడిగింది. బావ ఒక్కో బావినీ గుర్తుచేసుకున్నాడు. నాలుగో బావి వాళ్ళూ చుక్క వద్దన్నారు, తొమ్మిదో బావి వాళ్ళూ వద్దన్నారు, అక్కడా లోపలి రాయి మీదికే దించాడు. ఇవాళ సాయంత్రం ఐదింటికి రిపోర్టు వెళ్ళిపోతుంది, ఈలోపు మూడింటినీ పాత చుక్క దగ్గర్నుంచి కొలిచి, తేడా రాసి సంతకం పెట్టమంది.

ఇవాళ పొద్దున ముందు పిన్ని దగ్గరికే వెళ్ళాడు. ఎగుడుదిగుడు రాళ్ళ గట్టు, చుక్క జాడే లేదు. సంగతి విని పిన్ని పీచు పక్కన పడేసింది. కళ్ళు మూసుకుని గట్టంతా వేళ్ళతో తడిమింది.

"ఇక్కడ్రా. ఎంత తోమినా గరుకు పోయేది కాదు."

అక్కణ్ణుంచి కొలిస్తే మూరెడు తేడా వచ్చింది. ఆవిడ బావిలోకి చూస్తూ అలాగే నిలబడిపోయిందట.

బావ నాలుగో బావి దగ్గర ఇందాకటి నుంచీ గోకుతూనే ఉన్నాడని అక్క ఫోన్ చేసింది. గట్టుకి కొత్తగా సిమెంటు పూశారట, చుక్క దానికింద ఉండిపోయింది.

తొమ్మిదోది మాది. చూడ్డానికి బాగోలేదని చుక్క చెరిపింది నేనే. మా గట్టు ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం. పిన్నిలా నాకూ వేళ్ళకి తెలుస్తుందేమోనని రెండుసార్లు చుట్టూ తడిమాను. ఎక్కడ చూసినా నున్నగానే ఉంది. నాలుగు దాటింది. సుద్దముక్క గట్టు మీద పెట్టి వీధి వైపు చూస్తున్నాను. బావ సైకిల్ ఇంకా రాలేదు.