గాలి అమ్ముకునే దీవిలో నాలుగు ఎండుమిరపకాయలు

పోయిన అక్టోబరులో మూడు వారాలపాటు నేనొక చిన్న దేశంలో బతికాను. ఈ కొస నుంచి ఆ కొసకి నడిస్తే గంటంబావు. ఎదురుగాలి అయితే రెండు గంటలు. పటంలో అది జర్మనీలో భాగమే, ఉత్తర సముద్రంలో ఒక ఇసుక చుక్క. అక్కడివాళ్లను అడిగితే మాత్రం జర్మనీ అంటే పడవ దిగాక వచ్చే అవతలి ఒడ్డు. ఏ వింత చెప్పినా "ఒడ్డున అలా ఉంటుందేమో" అంటారు, మనమేదో పరాయి ఖండం నుంచి వచ్చినట్టు.

అక్కడికి షికారుకు పోలేదు. హాంబర్గ్‌లో మా ఫ్లాటు గోడ మూలల్లో నల్లటి బూజు పడుతుంది. తుడిస్తే పోతుంది, నాలుగు రోజులకు మళ్లీ వస్తుంది. నా కూతురికి నాలుగేళ్లు. అంతకు ముందు చలికాలంలో ఒక ఉదయం దానికి ఊపిరి అందక పెదాలు నీలంగా మారాయి. అంబులెన్సులో నేను దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు నుంచి నిద్రపోతున్న పిల్ల ఊపిరి లెక్కపెట్టే అలవాటు పట్టుకుంది నాకు. నిమిషానికి ఎన్ని, మధ్యలో పిల్లికూత ఉందా లేదా. పిల్లల డాక్టరమ్మ అంతా విని, "ఈ పాపకి సముద్రపు గాలి కావాలి" అని కాగితం మీద రాసింది. తర్వాత నా ముఖం చూసి కింద ఇంకో వాక్యం చేర్చింది: "తల్లికి కూడా."

జర్మనీలో అలా డాక్టరు రాసిస్తే ఇన్సూరెన్సువాళ్లు తల్లినీ బిడ్డనీ మూడు వారాలు గాలి మంచిగా ఉండే చోటికి పంపిస్తారు. దాన్ని కూర్ అంటారు. మా ఆయన సంతోషించాడు. "మూడు వారాలు రెస్టు తీసుకోవచ్చు నువ్వు" అన్నాడు. ఆందోళనపడే మనిషిని చుట్టూ నీళ్లున్న చోట, ఒకే ఒక్క డాక్టరున్న చోట వదిలితే రెస్టు దొరుకుతుందని అతని నమ్మకం.

ముందు భూగోళం చెప్పాలి. దీవి అంటే ఇసుక. ఇసుక మీద గడ్డి, గడ్డి మీద బోర్డు. ఎక్కడ చూసినా ఒకటే మాట: దిబ్బలెక్కరాదు. ఆ గడ్డి వేళ్లే ఇసుకను పట్టి ఉంచుతాయట. అంటే అక్కడి జనమంతా గడ్డి దయ మీద బతుకుతున్నారు, అందుకే మనుషులకంటే గడ్డికి చట్టాలు ఎక్కువ. కార్లు లేవు. రేవులో దిగగానే సామాన్లు చెక్క బండిలో పెట్టుకుని మనమే లాక్కోవాలి. సముద్రం రోజుకు రెండుసార్లు వెనక్కి వెళ్లిపోయి బురద మిగులుస్తుంది. నీళ్లు తిరిగొస్తేనే పడవ. అందుకని పడవల వేళలు రోజుకోలా ఉంటాయి.

"అదేంటి, జర్మనీలో టైంటేబుల్ రోజుకోలా ఉండటమేంటి?" అన్నాడు మా ఆయన ఫోన్లో.

"ఇక్కడ చంద్రుడు వేస్తాడు టైంటేబుల్" అన్నాను.

"కంప్లైంటు ఇవ్వు."

ఇక ఆర్థిక వ్యవస్థ. అక్కడ పంట లేదు, ఫ్యాక్టరీ లేదు. చేప ముక్క పెట్టి అమ్మే రొట్టె కూడా ఒడ్డు నుంచే వస్తుంది. దీవి అమ్మేది ఒక్కటే సరుకు: గాలి. రేవులో అడుగు పెట్టగానే ఉన్నన్ని రోజులకూ లెక్కగట్టి పీల్చే పన్ను తీసుకుని కార్డు ఇస్తారు. వాళ్లు దాన్ని పీల్చే పన్ను అనరనుకోండి, ఇంకేదో అంటారు. సముద్రం ఒడ్డున బెంచీల పక్కన "ఇక్కడ లోతుగా పీల్చండి" అని సూచన. దుకాణంలో రేకు డబ్బాలో మూసిపెట్టిన దీవి గాలి కూడా దొరుకుతుంది. ఇంటికి పట్టుకెళ్లి మూత తీసుకోవచ్చు. నేను ఒక డబ్బా చేతిలోకి తీసుకుని గడువు తేదీ ఉందేమో వెతికాను. పిల్ల పీల్చేది కదా మరి.

ప్రభుత్వం సంగతి నాకు కొలోన్ నుంచి వచ్చిన హైదరాబాదీ అమ్మాయి చెప్పింది. మా పక్క గదే. పాతబస్తీలో పుట్టి పెరిగి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, ఉబ్బసం ఉన్న కూతురితో వచ్చింది. మొదటి రోజు రేవులో తాడు పట్టి పడవను కట్టిన తెల్లగడ్డం పెద్దాయన, రెండో రోజు సముద్రం ఒడ్డున అద్దెకిచ్చే బుట్ట కుర్చీల తాళాలు తీస్తూ కనబడ్డాడు. మూడో రోజు మునిసిపల్ ఆఫీసు గోడ మీద ఫొటోలో ఉన్నాడు, కింద మేయర్ అని.

"ఊరు మొత్తం కలిపి నలుగురేనక్కా ఉన్నది" అంది తను. "డ్రెస్సులు మార్చుకుంట తిరుగుతుర్రు."

మేమున్న కూర్ భవనం ఆ రాజ్యంలో ఇంకో రాజ్యం. ఏడున్నరకు టిఫిను, అయిదున్నరకు రాత్రి భోజనం. తొమ్మిది నుంచి పన్నెండు దాకా పిల్లలను ఆటగదిలో ఒప్పజెప్పి తల్లులు వైద్యానికి వెళ్లాలి. నా షెడ్యూలులో మంగళవారం పదింబావుకి 'వదిలేయడం నేర్చుకుందాం' అనే క్లాసు. మొదటి మంగళవారం ఆలస్యంగా వెళ్లాను. ఆటగది కిటికీ దగ్గర నిలబడి పిల్ల దగ్గుతోందేమో చూస్తున్నాను మరి. వదిలేయడానికి ఆలస్యంగా వచ్చినందుకు టీచరమ్మ నా పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టింది.

ఇంత వెటకారం చేస్తున్నాను గానీ, గాలి మాత్రం పనిచేసింది. రెండో వారం మధ్యలో పిల్ల చేత గొట్టంలో ఊదించి చూసిన డాక్టరు కళ్లజోడు పైకి నెట్టి "అద్భుతం" అన్నాడు. హాంబర్గ్‌లో ఎప్పుడూ రానంత అంకె. ఆ రోజంతా అదే వరస. వంటావిడ బుగ్గ గిల్లి "ఈ పాప మన దీవికే ప్రకటన" అంది. రేవు దగ్గర తెల్లగడ్డం పెద్దాయన ఎప్పుడూ 'మోయిన్' అనే పలకరింపు తప్ప మాట పెగలని మనిషి, ఆగి మరీ "బుగ్గలు ఆపిల్ పళ్లలా ఉన్నాయి" అన్నాడు.

సాయంత్రం భోజనం దగ్గర పిల్ల దగ్గింది. ఒక్కసారి. నా చేతిలో చెంచా ఆగిపోయింది. ఇంకో పది రోజులు ఈ గాలి పీలిస్తే చలికాలం దాటేస్తుంది, మళ్లీ అంబులెన్సు ఎక్కక్కర్లేదు అని నేను మనసులో అప్పటికే ఇల్లు కట్టేసుకున్నాను. ఆ దగ్గుతో అది కూలింది. గుంటూరులో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను.

"ఏమ్మా, ఇవాళ ఎవరెవరు చూశారే పిల్లని?" అంది.

చెప్పాను.

"బుగ్గ గిల్లిందా? ఆపిల్ పళ్లన్నాడా? ఇంకేం, ఊరు ఊరంతా కళ్లేశారు. దిష్టి తీశావా?"

"ఇక్కడ పొయ్యి లేదమ్మా."

"కర్పూరం లేదుటే? నాలుగు ఎండుమిరపకాయలు, గుప్పెడు ఉప్పు. ఎమ్మెస్సీ చదివావు, ఆ మాత్రం అంటించుకోలేవా?"

ఎమ్మెస్సీ చదివాను. కెమిస్ట్రీయే. మిరపకాయ కాలితే ఏం వస్తుందో, అది ఉబ్బసం పిల్లను ఏం చేస్తుందో నాకు తెలుసు. అందుకే జాగ్రత్తగా పథకం వేశాను. పొయ్యి ఉంటుందనుకుని పప్పులోకి తెచ్చుకున్న మిరపకాయలు, దేవుడి కోసం తెచ్చుకున్న కర్పూరం, భోజనాల గదిలోంచి ఉప్పు. గదిలో పిల్లను తూర్పుముఖంగా కూర్చోబెట్టి చుట్టూ తిప్పాను. మా అమ్మ అనే మాటలు సగమే గుర్తున్నాయి, మిగతావి నేనే కలిపాను: "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, వంటావిడ దిష్టి, డాక్టరు దిష్టి, మేయరు దిష్టి." పిల్ల కిలకిలా నవ్వి "నోహ్ మాల్!" అంది, ఇంకోసారి అని. తర్వాత దాన్ని హైదరాబాదీ అమ్మాయికి అప్పగించి, రెండు అంతస్తుల కిందున్న ఆటగదికి పంపాను.

బాల్కనీలో అంటిద్దామనుకున్నాను. ఆరు అగ్గిపుల్లలు వెలిగించాను, ఆరూ దీవి గాలికి ఆరిపోయాయి. ఇక బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకుని, రేకు పళ్లెంలో కర్పూరం పెట్టి అంటించాను. నా కెమిస్ట్రీ అంతా పిల్ల దాకానే పనిచేసింది. బాత్రూమ్ కప్పులో ఉన్న గాలి గొట్టం గదులున్న మూడు అంతస్తులకూ ఒకటేనన్న ఆలోచన రాలేదు.

ముందు నాకు దగ్గొచ్చింది. తర్వాత పై గదిలో ఎవరో దగ్గారు. ఆ పక్క గదిలో. అప్పుడు అలారం మోగింది. అయిదు నిమిషాల్లో భవనంలోని తల్లులూ పిల్లలూ మొత్తం పచ్చిక మీద నిలబడ్డారు, స్వచ్ఛమైన గాలి కోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు, కళ్లు తుడుచుకుంటూ, దగ్గుకుంటూ. దీవిలో ఉన్న ఒకే ఒక్క మోటారు బండి, అగ్నిమాపక బండి, వెలుగులు తిప్పుకుంటూ వచ్చింది. హెల్మెట్ పెట్టుకుని దిగింది ఆ తెల్లగడ్డం పెద్దాయనే. లోపలికి వెళ్లి, పళ్లెం పట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారుతూ బయటికి వచ్చాడు.

"ఏమిటిది?"

"మిరపకాయలు" అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియక, "గుంటూరువి" అని చేర్చాను.

నా కూతురు హైదరాబాదీ అమ్మాయి చంకలో ఉంది. పరుగెత్తుకెళ్లి దాని ఛాతీ మీద చెవి పెట్టాను. పిల్లికూత లేదు. ఆటగది వైపు పొగ పోలేదట.

"ఏం కాలేదక్కా, బుగులు పడకు" అంది తను. తర్వాత మెల్లగా, "నాకు చెప్పొద్దా? మా అమ్మీ గూడ మిర్చీలే తిప్పుతది. సముద్రం ఒడ్డుకు తీస్కపోయి కాల్చేటోళ్లం."

మర్నాడు పొద్దున భవనం మేనేజరమ్మ పిలిచింది. నియమావళి తెరిచి, గదిలో మంట పెట్టినవాళ్లు తర్వాతి పడవలో వెళ్లిపోవాలి అన్న వాక్యం కింద గోరుతో గీసి చూపించింది. మునిసిపల్ ఆఫీసులో ప్రమాద పత్రం మీద సంతకాలవగానే కూర్ రద్దు. నాకు ఆ గది గోడలమీద కూడా మా ఫ్లాటు బూజు కనబడింది. పిల్ల ఊపిరికి మందు దొరికిన చోటు నుంచి పిల్లను నా చేతులారా వెళ్లగొట్టించాను.

తొమ్మిదింటికి మునిసిపల్ ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు. హైదరాబాదీ అమ్మాయి తోడొచ్చింది. మేయర్ ముందుగా మాకు టీ పోసి, గ్లాసులో పటికబెల్లం ముక్క చిటపటమనేదాకా ఆగి, ఫారం తీశాడు.

"కారణం అన్నచోట మూడు గళ్లున్నాయి. వంట, సిగరెట్, కరెంటు. మీదేది?"

"ఏదీ కాదు. పాప బాగుందని అందరూ మెచ్చుకున్నారు."

"అందుకని నిప్పు పెట్టారా?"

"మెచ్చుకుంటే పిల్లలకు తగులుతుందని మా నమ్మకం. వంటావిడ మెచ్చుకుంది. డాక్టరు మెచ్చుకున్నాడు." టీ గ్లాసు పక్కకు జరిపాను. "మీరు కూడా. ఆపిల్ పళ్లన్నారు."

ఆయన ఫారం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అయితే కారణం మేయర్ అని రాయాలా?"

నాకు ఏడుపు ఆగలేదు. హైదరాబాదీ అమ్మాయి కుర్చీ ముందుకు జరుపుకుంది. "చూడండి సార్, దీనికి లెక్క ఉంది. నజర్ తగిలితే మిర్చీ ఎంత కాల్చినా ఘాటు రాదు. నిన్న మొత్తం బిల్డింగ్ దగ్గింది, మీరు గూడ ఏడ్చిర్రు. అంటే పాపకు ఏం తగల్లేదు. టెస్ట్ నెగెటివ్." ఇదంతా జర్మన్‌లోనే చెప్పింది, దిష్టికి వాళ్లింట్లో అనే నజర్ అన్న ఒక్క మాట తప్ప. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో, "కరెక్టే కదక్కా?" అంది. కరెక్టే. మా అమ్మ కూడా అదే చెబుతుంది. భయంలో నాకే గుర్తు రాలేదు.

మేయర్ శ్రద్ధగా రాసుకున్నాడు. 'పరీక్ష నిర్వహించబడింది. దోషం కనబడలేదు.' సంతకం చేసి, ముద్ర వేశాడు. "మేయర్‌గా నా పని అయింది. నియమం నియమమే, తర్వాతి పడవకు మీరు వెళ్లాలి." లేచి కిటికీ దగ్గరికి వెళ్లి ఆకాశం చూశాడు. "పడవల మనిషిగా చెబుతున్నాను, తర్వాతి పడవ ఎప్పుడో నాకు తెలియదు."

ఆ మధ్యాహ్నం తుపాను గాలి మొదలైంది. నాలుగు రోజులు పడవ లేదు. ప్రతి ఉదయం మేనేజరమ్మ రేవుకు ఫోన్ చేసేది. ఆయన లేదనేవాడు. సర్దిన సూట్‌కేసు తలుపు దగ్గరే ఉండేది. అయిదో రోజు గాలి తగ్గి పడవ వచ్చింది. కానీ నాలుగు రోజుల జనం రేవులో వరుసగట్టారు, చీటీలు రాసేది ఆయనే, మా పేర్లు వారం తర్వాతి పడవకు పడ్డాయి. అది మా కూర్ ముగిసే రోజు. మేనేజరమ్మ ఆ చీటీని రెండు వైపులా తిప్పి చూసి మా ఫైలులో పెట్టుకుంది.

ఆ సాయంత్రం పిల్లను తీసుకుని దిబ్బ మీదున్న చూపుడు మంచెకు వెళ్లాను. దిబ్బ ఎక్కడానికి అనుమతి ఉన్న మెట్లు అవొక్కటే. డెబ్భై ఎనిమిది. దాన్ని ఎత్తుకోబోతే "ఆలైన్!" అని చెయ్యి విదిలించుకుంది, నేనే ఎక్కుతానని. ఎక్కడా ఆగలేదు. సగంలో ఆగింది నేను. పైకి చేరేసరికి నాకు ఎగశ్వాస, దగ్గు. అది పిట్టగోడ పట్టుకుని నావైపు చూస్తోంది, నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసుకుంటూ.

"మామా, నువ్వు దగ్గుతున్నావ్. కూర్చో."

ఇక్కడి పిల్లల్లాగే అది అమ్మను మామా అంటుంది. మెట్టు మీద కూర్చున్నాను. అది మెట్ల మీద గాలికి చేరిన ఇసుక గుప్పెడు తీసి నా తల చుట్టూ తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, పడవ దిష్టి, మామా దిష్టి." ఆ చివరి మాట దగ్గర నాకు నవ్వొచ్చింది, వెంటనే పోయింది. తర్వాత ఇసుకను గాలిలోకి విసిరింది. ఎదురుగాలి. మొత్తం తిరిగొచ్చి మా ఇద్దరి ముఖాల మీద పడింది.

దాని ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పన్నెండు దగ్గర అది నా ఒళ్లో కదిలి, అదిగో పడవ అని చూపించింది. లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టలేదు.