స్మిత్‌గారి వంశానికి నేను చేసిన సేవ

నీడనిచ్చిన ఇంటి ముత్తాతగారికే అప్రతిష్ఠ అంటగట్టినవాణ్ణి మీరు చూసి ఉండరు. చూడండి, నేనే. అదీ ఆదివారం భోజనాల బల్ల దగ్గర, గొంతు సవరించుకుని మరీ.

అవి కెనడాలోని హాలిఫాక్స్‌లో ఏ బస్సెక్కినా మన విద్యార్థుల తెలుగే వినిపించే రోజులు. మాది ఒకప్పటి సంస్థానం. కోటలో ఇప్పుడు పశువుల ఆసుపత్రి నడుస్తోంది. అయినా మా వెన్ను వంగలేదు. చదువుకుంటూ పనిచేసే కాఫీ షాపులో నేల కూడా నిటారుగా నిలబడే తుడిచేవాణ్ణి. అందుకే మరకలు పోయేవి కావు.

మేముండే బేస్‌మెంట్ యజమానురాలు మార్గరెట్ స్మిత్‌గారు. పొగమంచులో ఓడల కూతలు వింటూ ఆవిడ చేతి టీ తాగడం ఇప్పటికీ మరిచిపోలేను. ఆవిడ ముత్తాత థామస్ అమెరికా అంతర్యుద్ధంలో, బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది సైన్యంలో సిపాయి. తరువాత ఎలాగో హాలిఫాక్స్ చేరి వడ్రంగం చేసుకున్నాడు.

"ఆయన ఎలాంటివాడో తెలుసుకోవాలని ఉంది. వెతికిపెడతావా రాజా?" అన్నారు ఆవిడ ఒకరోజు.

వంశం అనగానే నాకు పూనకం వచ్చింది. పాత జనాభా లెక్కలు, సైనిక రికార్డులు తిరగేస్తే ముందుగా కర్నల్ విలియం స్మిత్ దొరికాడు. అదే రాష్ట్రం, అదే ఇంటిపేరు. ఇంక రుజువెందుకు? ఆయన్ను థామస్‌కు అన్నగారిగా నియమించేశాను.

"మీది సామాన్యమైన ఇల్లు కాదు ఆంటీ! పెద్దముత్తాతగారు కర్నల్. ఆ ఇంట్లో పనివాళ్ళ జాబితా చూడండి, ఎంత పొడుగో!"

ఆవిడ ఫోర్క్ కింద పెట్టారు. "వాళ్ళ పేర్లేవి?"

చూశాను. వయసులున్నాయి. పేర్లు లేవు.

"వాళ్ళు పనివాళ్ళు కాదు రాజా. బానిసలు. వాళ్ళకు పేర్లు కూడా రాసేవారు కాదు."

ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయారు.

కింద, వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేట్ శ్రీకాంత్ సంగతి విని అందుకున్నాడు. "ఏం పని జేసినవ్ దొరా? ఆ కర్నల్ థామస్‌కు అన్న అని నీకెవలు చెప్పిన్రు?"

"ఇంటిపేరు ఒకటేగా!"

"మన కాఫీ షాపులనే ముగ్గురు స్మిత్‌లున్నరు. ఒకలకొకలు ఏం కారు. మనలెక్క ఇంటిపేరు జూసి చుట్టరికం కలిపితే ఈ దేశంల సగంమందికి పెండ్లిళ్ళే కావు!"

మళ్ళీ మొదటినుంచి వెతికాను. అసలు థామస్ ఒక వడ్రంగి కొడుకు. హాలిఫాక్స్‌లో అతని సమాధి రాయి మీదున్న పుట్టిన ఊరు, వయసు అన్నీ రికార్డులతో సరిపోయాయి. ఆ ఇంట బానిసలు లేరు, కర్నలూ లేడు. కానీ సైనిక రికార్డులో అతని పేరు పక్కనున్న మాట చూసి నాకు చెమటలు పట్టాయి.

ఇల్లు ఖాళీ చేయమంటారని సిద్ధపడే పైకి వెళ్ళాను. "క్షమించండి ఆంటీ. కర్నల్ మీవాడు కాడు. మీవాడు... సైన్యంలోంచి పారిపోయాడు."

"పారిపోయాడా?" ఆవిడ చప్పట్లు కొట్టారు. "ఎంత మంచి పని చేశాడు!" అంటూ ఆ సంతోషంలో కేకు కోశారు.

నాకు ఒళ్ళు మండింది. "మా వంశంలో మాత్రం పారిపోయినవాడు ఒక్కడూ లేడు" అన్నాను నిటారుగా.

ఆవిడ నా ప్లేటులో ముక్క పెట్టి, నవ్వుతూ అడిగారు: "అలాగా? మరి నువ్విక్కడేం చేస్తున్నావు?"

ఆ కేకు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఇంకెవరి తాతలకూ అన్నగార్లను నియమించను. రెండో ముక్క మాత్రం అడిగి పెట్టించుకున్నాను, కాస్త ముందుకు వంగి.