అవ్వ అరికాళ్లు

పోయిన నెల మా మనవరాలు పట్టుబట్టి నన్ను కరీంనగర్‌లో కాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. కళ్లకొక డాక్టరు, పళ్లకొక డాక్టరు ఉన్నట్టే అరికాళ్లకు కూడా వేరే డాక్టరు ఉంటాడని నాకు అప్పటిదాకా తెలియదు. షుగరు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది కాబట్టి ఏడాదికొకసారి పాదాలు చూపించుకోవాలట. లోపల ఉన్నది డాక్టరమ్మ, మా మనవరాలి కంటే నాలుగేళ్లు పెద్దదై ఉంటుంది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తాను చిన్న స్టూలు మీద కూర్చుని, ఒక్క మాటైనా చెప్పకుండా నా కుడికాలు అందుకుని ఒడిలో పెట్టుకుంది. నేను చటుక్కున వెనక్కి గుంజుకున్నాను. "ఏమైంది అమ్మమ్మా, నొచ్చిందా?" అని ఆ పిల్ల కంగారుపడింది. నొప్పి కాదు. డెబ్బై దాటినా నా ఒంట్లో ఇంకా మా అవ్వ, నన్ను కన్న తల్లి, ఉంది. కాలు గుంజుకున్నది ఆమే.

మాది ఇచ్చోడ. మా బాపుకు ఒక బండి, రెండు ఎడ్లు. పత్తి ఏరే రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల పత్తిని బోరాల్లో నింపుకుని ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులకు తోలేవాడు. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన తర్వాతి ఏళ్ల మాట ఇది. ఇంట్లో అవ్వ, బాపు, నేను, బాపు అక్క అయిన మా మేనత్త. మేనత్త భర్త చనిపోయాక పుట్టింటికి వచ్చేసింది. ఆమె నోటికి మా వాడలో సగం మంది భయపడేవాళ్లు, మిగతా సగం ఎదురుపడకుండా తిరిగేవాళ్లు. బాపు మాత్రం పెద్దగా మాట్లాడే మనిషి కాదు. సాయంత్రం బండి విప్పగానే తన కాళ్లు కడుక్కోవడం కన్నా ముందు ఎడ్ల కాళ్లు చూసేవాడు. ఒక్కొక్క గిట్టా ఎత్తి తొడ మీద పెట్టుకుని, నాడా ఊగుతోందా, రాయి ఇరుక్కుందా, ముల్లు దిగిందా అని బొటనవేలితో తడిమేవాడు. ఎడ్లు కూడా అలవాటు పడి వాటి వంతు రాగానే అవే కాలు లేపేవి. ఎంత అలసిపోయి వచ్చినా, జ్వరం ఉన్నా, ఆ పని మానగా నేను చూడలేదు.

అవ్వకు ముందు దాహం పట్టుకుంది. కుండెడు నీళ్లు తాగినా గొంతు తడిసేది కాదు. మనిషి చిక్కిపోయింది. బాపు పత్తి బండి మీదే కూర్చోబెట్టి ఆదిలాబాద్ దవాఖానకు తీసుకుపోయాడు, నన్ను కూడా. అక్కడి డాక్టరు మరాఠీ మాట కలిపి మాట్లాడేవాడు. గాజు గొట్టంలో నీలం రంగు మందు పోసి, అందులో అవ్వ పట్టి ఇచ్చిన మూత్రం నాలుగు చుక్కలు కలిపి కాస్తే, నీలం పోయి ఇటుక రంగు తిరిగింది. "ఒంట్ల సాఖర్ ఉన్నది బాయీ" అన్నాడాయన. అవ్వ నవ్వింది. "పండుగకింత బెల్లం తప్ప చక్కెర మొఖం ఎన్నడు చూసిన సారూ? నాకెట్లొచ్చింది?" అంది. సూదుల మందు రాసిచ్చాడు కానీ ఇచ్చోడలో దాన్ని చల్లగా దాచుకునే దారి లేదు, పొడిచేవాళ్లు అంతకన్నా లేరు. కొన్నాళ్లు గోలీలు మింగింది. దాహం తగ్గినట్టు అనిపించగానే అవీ మానేసింది. మా ఇళ్లల్లో రోగమంటే అంతే, కనబడితే ఉన్నట్టు, కనబడకపోతే పోయినట్టు.

కాళ్ల మంటలు ఆ మరుసటి ఏడు మొదలయ్యాయి. నేను మంట అని ఒక్క మాటలో రాస్తున్నాను కానీ అవ్వకు ఆ మాట సరిపోయేది కాదు. ఒకనాడు మిరపకాయలు నూరి రుద్దినట్టుందనేది, ఒకనాడు సూదులతో కుట్టుతున్నట్టుందనేది. పగలు పనిలో పడి ఎలాగో ఓర్చుకునేది. పొద్దుగూకి నడుం వాలిస్తే చాలు, మంటలు లేచేవి. చీర అంచు తగిలినా ఓర్వలేక పైకి లాక్కునేది, మేనత్త వస్తున్న చప్పుడైతే దించుకునేది. ఆముదం రాశాం, గోరింటాకు పట్టించాం, మజ్జిగలో తడిపిన గుడ్డ చుట్టాం. నేను పట్టబోతే నా చేతులు ఉడుకని వద్దనేది. చివరికి తన మందు తానే కనిపెట్టుకుంది. వంటింటి మూలన నీళ్ల కుండల కింద ఇసుక పోసి ఉండేది. కుండలు చెమర్చి అది ఎప్పుడూ తడిగా, చల్లగా ఉండేది. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని రెండు పాదాలూ ఆ ఇసుకలో పూడ్చుకునేది. కూరగాయలు తరగడం, బియ్యం ఏరడం అన్నీ అక్కడే. "కుండల పక్కన ఇంకో కుండ" అని నేను ఎగతాళి చేస్తే, "నన్ను గూడ కడిగి బోర్లియ్యి" అనేది.

ఒక సాయంత్రం బాపు ఎడ్ల పని ముగించి, చేతులు కడుక్కుని, తడి తువ్వాల పిండుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. అవ్వ ముందర గొంతుక్కూర్చుని, "ఏమే, కాళ్లు జర ఇటియ్యి. తడిబట్ట ఏస్త" అన్నాడు. అవ్వ ఇసుకలోంచి కాళ్లు లాక్కుని చీర కిందికి దోపుకుంది.

"నీకేమన్న పిచ్చి లేసిందా? మొగడు పెండ్లాం కాళ్లు పట్టుడేంది? నాకు పురుగులు పడుతయ్."

"ఎవ్వలు చూస్తలేరు. సప్పుడు జెయ్యకుండ కూసో."

"దేవుడు చూడడా?"

దేవుడి తరఫున గడపలోంచి మేనత్త జవాబు చెప్పింది. "తమ్మీ, లగ్గంల మట్టెలు తొడిగిననాడు పట్టినవ్, గదే ఆఖరు. ఊర్ల మమ్ముల తలకాయెత్తుకొని తిరగనియ్యవా?"

బాపు తువ్వాల భుజాన వేసుకుని బయటికి పోయాడు. ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు అడిగాడు, అడిగినప్పుడల్లా అదే తంతు. అవ్వ ఇక ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ పాదాలు కనబడకుండా చీర కప్పుకుని కూర్చోవడం నేర్చుకుంది. ఆయన కాళ్లకు మాత్రం రోజూ తానే చెంబుతో నీళ్లు పోసి కడిగేది. ఒకరి కాళ్లు నిప్పుల్లో ఉండి ఇంకొకరి కాళ్లు కడిగే ఆ రివాజును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. అవ్వ మీద కోపం కాదు. ఆమెకు నేర్పినవాళ్ల మీద. వాళ్లెవరూ ఇప్పుడు దొరకరు కాబట్టి నా కోపం ఎందుకూ పనికిరాదు.

మరుసటి ఎండాకాలానికి మంటలు తగ్గాయి. ముందు ఒక రోజు రాలేదు, తర్వాత వారం రాలేదు, ఆ తర్వాత అసలే లేవు. అవ్వ మొహం తేటపడింది. "మీ బాపు ఇల్లంత పత్తి పరిచినట్టున్నడు బిడ్డా, నేల తెలుస్తనే లేదు" అని నవ్వుతూ వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరిగేది. అలవాటు కొద్దీ ఇసుకలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం మాత్రం మానలేదు. వేములవాడ రాజన్నకు కోడె మొక్కుకున్నానని బాపు అప్పుడు బయటపెట్టాడు. మేనత్త దీపం పెట్టి దండం పెట్టుకుంది. అది రోగం పోవడం కాదు, కాళ్లలో నరాలు చచ్చిపోవడమని చెప్పేవాళ్లు మా ఊళ్లో లేరు. మంట ఉన్నన్నాళ్లూ ఆ కాళ్లు బతికి ఉన్నాయి. అది ఆరిపోయిన నాడు మేము పాయసం వండుకున్నాం.

బస్సులు మారి వేములవాడ చేరాం. కోడె మొక్కంటే గుడి దగ్గరే దొరికే కోడెను పగ్గం పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేసి రావడం. పగ్గం అవ్వ చేతిలో ఉంది. ఆమె వెనుక బాపు, బాపు వెనుక మేనత్త, నేను. మిట్టమధ్యాహ్నం. బండలు కాలుతుంటే మేమంతా గెంతులు వేస్తున్నాం, అవ్వ మాత్రం నింపాదిగా నడుస్తోంది. "చూసినవా, రాజన్న సత్తెం" అని మేనత్త నా జబ్బ గిల్లింది. బండ మీద ఎర్రటి మరక కనిపిస్తే కుంకుమ అనుకుని నేను దాటిపోయాను. బాపు ఆగాడు. వంగి, వేలితో అద్ది చూశాడు. తల ఎత్తి ముందుకు చూశాడు. అవ్వ ఎడమకాలు మోపిన చోటల్లా ఆ మరక ఉంది.

అంత జనంలో, ఆ కాలే బండ మీద బాపు కూలబడి అవ్వ కాలు పట్టుకున్నాడు. "ఇడువు! నలుగురు చూస్తుండ్రు, ఇడువు!" అని అవ్వ అరిచింది. ఆయన వినలేదు. మడమ పట్టి ఎత్తి, తొడ మీద పెట్టుకున్నాడు. అరికాలి నడుమ గుంత పడి ఉంది, చుట్టూ నల్లగా. లోపల కుండ పెంకు ముక్క దిగి ఉంది. మా కుండల కింది ఇసుకలోది అయి ఉంటుంది, ఎన్నాళ్ల నుంచి ఉందో.

"నొస్తలేదానే?"

"ఏం నొస్తది? ఏమున్నదక్కడ?" అంది అవ్వ. నిజంగానే ఆమెకు తెలియదు.

"దినాం ఎడ్ల కాళ్లు చూస్తి. నీ కాలు ఒక్కనాడు చూడకపోతి" అని బాపు ఏడ్చాడు. బాపు ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. మేనత్త తన కొంగు చింపి ఆయన చేతికి ఇచ్చింది.

అక్కడి నుంచి అటే కరీంనగర్ దవాఖానకు పోయాం. డాక్టరు గాయాన్ని చూసి, బాపును పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పాడు. ఈ రోగంలో నరాలు ముందు మండుతాయని, తర్వాత మొద్దుబారతాయని, మొద్దుబారాక అరికాళ్లను ఇంట్లో ఎవరో ఒకరు రోజూ చూడాలని. చీము ఎముక దాకా పోయింది, మోకాలి కింద తీసెయ్యకపోతే మనిషి దక్కదు. బాపు ఆ మాట అవ్వకు చెప్పలేక గోడవైపు తిరిగి నిలబడితే, అవ్వే అర్థం చేసుకుని, "తియ్యమను. బండెక్కుటందుకు ఒక్క కాలు సాలదా?" అంది. ఆపరేషన్ అయ్యాక ఆ కాలి మట్టెను కూడా అడిగి తీసుకుని కుడికాలి వేలికే తొడుక్కుంది.

ఇంటికి వచ్చిన కొద్దిరోజులకు ఒక సాయంత్రం నన్ను మంచం దగ్గరికి పిలిచి, ఎవరూ వినకుండా అంది. "బిడ్డా, ఎడమ పాదం మండుతున్నదే. ఎన్కటి లెక్కనే. నాకు మతి గిట్ల పోతున్నదా?" నేను భయపడి బాపు దగ్గరికి పరుగెత్తాను. లేని కాలు ఎలా మండుతుందని ఆయన అడగలేదు. చెంబులో నీళ్లు తెచ్చి, తువ్వాల తడిపి పిండి, మంచం పక్కన కూర్చున్నాడు. అవ్వ మోకాలి కింద దుప్పటి చదునుగా ఉన్న చోట, పాదం ఉండవలసిన చోట, ఆ తడిబట్ట పరిచాడు.

"ఈడనా?" అన్నాడు.

అవ్వ గడపవైపు చూసింది. మేనత్త గడపలో నిలబడి ఉంది. ఎప్పటిలా అవ్వ వద్దంటుందనుకున్నాను. గుంజుకోవడానికి అక్కడ ఏమీ లేదు. పాపం తగలడానికీ ఏమీ లేదు.

"జర కిందికి" అంది అవ్వ.

బాపు బట్టను కిందికి జరిపాడు. రెండు చేతులతో ఆ ఖాళీ జాగాను మెల్లగా ఒత్తసాగాడు.

"గట్లనే. మడిమె కాడ."

ఆమె కళ్లు మూసుకుంది, మొహంలో బిగువు సడలింది. మేనత్త లోపలికి పోయి కుండలోంచి చన్నీళ్లు ముంచుకొచ్చి తమ్ముడి పక్కన పెట్టింది.

అప్పటి నుంచి రోజూ ఎడ్లను కట్టేశాక బాపు ఆ మంచం పక్కన కూర్చునేవాడు. పత్తి రేట్లు, మిల్లు కాడి ముచ్చట్లు, దారిలో కలిసినవాళ్ల సంగతులు, అంత మాట ఆయన లోపల ఉందని నాకు అప్పుడే తెలిసింది. అవ్వ గలగలా నవ్వేది. కుడికాలిని మాత్రం ఆఖరు దాకా ఆయన్ను ముట్టనివ్వలేదు. ఆ అరికాలు రోజూ నేనే చూసేదాన్ని. రెండో ఎండాకాలం దాటి వానలు పడేసరికి అవ్వ మాకు లేకుండా పోయింది. వాళ్ల కాపురం పదహారేళ్లు. వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోగా నేను చూసింది ఆ రెండు ఎండాకాలాల్లోనే. మర్యాదకు పోయి తక్కిన ఏళ్లన్నీ పోగొట్టుకున్నారు. పోయిన ఏళ్లు తిరిగి రావని ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.