భుజం మీద చెయ్యి

ఒమన్‌లో ఇబ్రి నుంచి మస్కట్ వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి ఫోన్‌ను తొడ మీద బోర్లించి పట్టుకున్నాడు. చాలాసేపటికి వచ్చీరాని హిందీలో మాట కలిపాడు. వాళ్ల దేశంలో ప్రభుత్వ టీవీలో వార్తలు చదివేవాడట. ఇక అబద్ధాలు చదవలేక పారిపోయి వచ్చాడట.

"ఇప్పుడు అదే టీవీ నా గురించి చెబుతోంది. నేను ఇంకో మగాడితో లేచిపోయానని మా అమ్మతో చెప్పించారు. అసలు మగాణ్నే కానని నా భార్యతో చెప్పించారు. ద్రోహి అంటే జనం నమ్మలేదు భాయ్. ఇది నమ్మారు."

ఈసారి కూతురిని కెమెరా ముందు కూర్చోబెట్టారట. అతనికి చూసే ధైర్యం లేదు.

"నీకు మా భాష రాదు కదా. పాప ఎలా ఉందో చూసి చెప్పు."

ఫోన్ నా చేతిలో పెట్టి కిటికీ వైపు తిరిగాడు. ఏడెనిమిదేళ్ల పిల్ల కాగితం చూసి చదువుతోంది.

"మంచిగనే ఉంది భాయ్. జడలు చక్కగ ఏసిన్రు. ఏడుస్తలేదు."

"పక్కన వాళ్లమ్మ ఉందా?"

"లేదు. భుజం మీద ఎవరిదో మగాయన చెయ్యి ఉంది. మొఖం కనిపిస్తలేదు."

"గట్టిగా పట్టుకున్నాడా?"

పిల్ల తడబడినప్పుడల్లా ఆ వేళ్లు బిగుస్తున్నాయి. నేను ఫోన్ బోర్లించాను. అతను ఫోన్ తీసేసుకున్నాడు.

ఎయిర్‌పోర్ట్ స్టాప్ రాగానే లేచాడు.

"ఏడికి భాయ్?"

"వాళ్లకు కావలసింది నేను. పాప కాదు."

దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. చేతిలో సంచి కూడా లేదు.

ఇప్పటికీ ఇంటికి చేసే వీడియో కాల్‌లో మా పాప భుజం మీద ఎవరైనా చెయ్యి వేస్తే, తియ్యమంటాను.