వేణుగోపాల్ సారు పరిశోధనకు పనికొచ్చిన శావిగె

వేణుగోపాల్ సారుకు ఒకే ఒక్క జబ్బు: ఏది కనబడినా అది వరసగా అమిరిందా, ముద్దకట్టిందా అని చూడడం. పెళ్లికి పోతే పెళ్లికూతురివైపు చూడడు, బంతిలో జనం వరస తప్పారేమో చూస్తాడు. షేర్ ఆటోలో పద్నాలుగు మందిని కుక్కితే అందరూ డ్రైవరును తిట్టుకుంటారు, ఆయన మాత్రం "అబ్బ, ఎంత బాగా అమిరినామప్పా!" అని మురిసిపోతాడు.

బెంగళూరులో ముప్పై ఏళ్లు ఎండతో కరెంటు పుట్టించే ప్లాస్టిక్కు మీద పరిశోధన చేసి, రిటైరై సొంతూరు వల్లూరు చేరాడు. ఊరి చుట్టూ కనుచూపుమేర సోలార్ ప్యానెళ్లు. వాటిని చూసి ముక్కు విరిచేవాడు.

"ఇవి బరువప్పా. నా ప్లాస్టిక్కయితే చీర మాదిరి మడిచి పెట్టుకోవచ్చు."

"ఆ చీర ఎప్పుడొస్తాది సారూ?" అనేవాళ్లు ఊళ్లోవాళ్లు.

"ఇంకా ఆరతా ఉండాది."

పక్కింటి సుబ్బక్కకు ఈ మాటలు ఒక్కటీ తలకెక్కేవి కావు. ఆమె బాధ ఆమెది. ప్యానెళ్లు కడిగే పనికి మిషన్లొచ్చి ఆమెను ఇంటికి పంపేశాయి. ఆ సోలార్ పార్కు క్యాంటీను నడిపే హొన్నూరప్ప, "ఒత్తు శావిగె విడివిడిగా చేసి చూపించక్కా, రోజూ టిఫిను నీదే. సోమవారం దాకా చూస్తా" అన్నాడు. ఉడికించిన పిండిని సన్నని పోగులుగా ఒత్తే ఆ శావిగె ఆమె చేతిలో మాత్రం రోజూ గుండ్రాయిలా ముద్దకట్టేది.

మొదటి రోజు ఆ ముద్ద పారేయబోతుంటే సారు వాకిట్లో ప్రత్యక్షమయ్యాడు.

"పారేయొద్దు సుబ్బక్కా! ఇంత గొప్ప ముద్ద నా ల్యాబులో కూడా పడలా. పరిశోధనకు కావాల."

"ఎగతాళా సారూ?"

"ఒట్టు! నా ప్లాస్టిక్కూ ఇట్లాంటి పోగులే. వేడి ద్రావణంలో విడివిడిగా ఈదతాయి. చల్లారేటప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వరసగా పట్టుకుంటే కరెంటు బాగా పారతాది, చిక్కుపడితే ఆడే తడబడతాది. తొందరపెట్టకుండా చల్లారనీయాల, అంతే."

"శావిగెలో కరెంటేంది సారూ!"

ముద్దంతా టిఫిన్ క్యారియర్లో కుక్కుకుని పోయాడు. మర్నాడూ వచ్చాడు. "నిన్నటికంటే గట్టిగా ఉండాది, భేష్!" అన్నాడు. ఏడుపు రావలసిన చోట రోషమొచ్చి, సుబ్బక్క మళ్లీ పిండి ఉడికించేది. ఆ వారమే ఊళ్లో ఇంకో వింత మొదలైంది. సారు ఎటు పోతే అటు కాపరి దొడ్డన్న గొర్రెలు వెంటబడేవి. అవి వరసగా నడుస్తున్నాయని సారుకు సంబరం.

ఆదివారం నాటికి సుబ్బక్క ఓపిక అయిపోయింది. పిచ్చాయన మాటే విని చూద్దామనుకుంది. ఒకే కుప్పగా ఒత్తకుండా తడిగుడ్డ మీద పలచగా, చుట్టలు చుట్టలుగా ఒత్తింది. చల్లారేదాకా వేలు పెట్టలేదు. పోగుకు పోగు విడిపోయింది. సోమవారం అట్లాగే చేసి తీసుకుపోతే హొన్నూరప్ప రెండుసార్లు పెట్టించుకుని, "రేపట్నుంచే తెచ్చేయక్కా" అన్నాడు.

ఆ సంతోషంలో మిగిలిన శావిగె తట్టతో సారింటికి పరుగెత్తింది. వాకిట్లో ఖాళీ క్యారియర్ చుట్టూ గొర్రెలు నిలబడి అరుస్తున్నాయి.

"ఇవి ఈడేం చేస్తాండాయి దొడ్డన్నా?"

"టిఫినుకొచ్చినాయి! నీ ముద్దలన్నీ సారు వీటికే పెడతాండాడు. పారేస్తే సుబ్బక్క మళ్లీ పొయ్యి ముట్టించదు, ఎవరికీ చెప్పొద్దన్నాడు."

ఇన్నాళ్లూ ఈయన్నా నేను పిచ్చోడనుకున్నది, అనుకుంది సుబ్బక్క. అంతలో సారు బయటికొచ్చాడు. తట్టలోకి తొంగి చూసి తల పట్టుకున్నాడు.

"అయ్యో, ఒక్క ముద్దయినా లేదే! నా పరిశోధన ఏం కావాల?"

సుబ్బక్క నవ్వు బిగబట్టుకుంది.

"దిగులుపడొద్దు సారూ. రేపట్నుంచి మీకని కావాలనే ఒక ముద్ద చేస్తాలే."

వరసగా నిలబడిన గొర్రెలు ఆ మాట అర్థమైనట్టు ముద్దకట్టి ఇద్దరి మీదా పడ్డాయి.