కొమ్ములు లేని వేట

గౌలిపుర మల్లన్న కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో చేరకముందు ఇంటి బర్రెలను మేపేవాడు. మొండికేసిన బర్రెను కొమ్ములు పట్టి దారికి తెచ్చేవాడు. డెబ్బై ఎనిమిది వేసవిలో, తోటి ఉద్యోగి ఉమాపతి వెంట అతని ఊరు భీమిలి వెళ్ళాడు. ఉమాపతి బావ శ్రీహరిరావు నేవీలో డైవరు. సెలవుల్లో సరదాగా సముద్రంలో మునిగి, రాళ్ళ సందుల్లో ఉండే పెద్ద రాతిరొయ్యలు, అంటే లాబ్‌స్టర్లు, పట్టేవాడు.

తనూ ఒకటి పట్టి తీరతానని గౌలిపుర అంతా చెప్పి వచ్చాడు మల్లన్న. అది భీమిలిలో ఆఖరి రోజు, మర్నాడే తిరుగు ప్రయాణం.

శ్రీహరిరావు అతని వీపుకు గాలి సిలిండరు కట్టి, తనూ పక్కనే మునిగాడు. రాతి సందులో మూరెడు రొయ్య కనిపించింది. దాని పొడుగాటి మీసాలు రెండూ పట్టుకుని మల్లన్న బలంగా లాగాడు. మీసాలు విరిగి చేతిలోకి వచ్చాయి. రొయ్య వెనక్కి దూసుకుపోయింది.

పైకి తేలాక శ్రీహరిరావు పగలబడి నవ్వాడు.

"వీపు పట్టాలి తమ్ముడూ! మీసాలు లాగుతారా ఎవరైనా?"

"మా బర్రెలకైతే గట్లనే పడ్తం భాయ్. కొమ్ములు గిట్ల ఊడిరావు."

మళ్ళీ మునిగారు. ఈసారి మల్లన్న రొయ్యను రెండు చేతులా వీపు మీద అదిమి పట్టుకుని పైకి వచ్చాడు. అది తోకతో టపటపా కొడుతోంది.

"జల్ది అందుకో భాయ్! తన్నుడుల మా బర్రెకన్నా ఎక్కువున్నదిది!"