మామ నుదిటి మీది మచ్చ

మా మేనమామ ఎవరితో మాట్లాడినా మధ్యల జుట్టు పైకెత్తి నుదిటి మీది మచ్చ చూపెట్టేటోడు. "అరవైతొమ్మిది ఉద్యమంల జనగామల తిన్న లాఠీదెబ్బ. నెత్తురు నాకేం కొత్త గాదు" అనేటోడు. కిరాణా దుకాణంల ఉప్పు కొన్నా గిదే ముచ్చట.

ఒకనాడు పెంపుడు కుక్కకు గోర్లు తీస్తానని కత్తెర పట్టుకొని వాకిట్ల కూసున్నడు. "జర పైపైన తియ్యి" అని అత్తమ్మ చెప్తనే ఉన్నది. "లాఠీలు చూసినోన్ని, నాకే చెప్తవా?" అని ఒక గోరు మొదలుదాక కత్తిరించిండు. కుక్క కుయ్యిమన్నది. నెత్తురు బొట్లు బొట్లుగ కారింది. అది చూసి మామ కండ్లు తేలేసి పడిపోయిండు. నుదురు గడపకు కొట్టుకున్నది.

అత్తమ్మ ముందుగాల కుక్కనే పట్టుకున్నది. ముగ్గు కోసం పెట్టిన బియ్యప్పిండి గోరుకు అద్ది, నెత్తురు ఆగేదాక గుడ్డతోని ఒత్తిపట్టింది. తర్వాతనే మామ మొఖం మీద నీళ్లు చల్లింది. పాత మచ్చ పక్కనే కొత్త బొప్పి కట్టింది. అత్తమ్మ ఆ రెండింటిని మార్చి మార్చి చూసింది.

"ఏమయ్యా, అప్పుడు గూడ లాఠీ పక్కోనికే తగిలిందా?" అన్నది.

ఆ తర్వాత గూడ మామ మచ్చ చూపెట్టుడు మానలే. కాకుంటే జుట్టు పైకెత్తే ముందు, అత్తమ్మ ఏడున్నదో ఒకసారి చూసుకునేటోడు.